షట్టర్ లోపలి సుద్దగీతలు

నా సర్వీసులో నేను బాగుచేసిన కంప్యూటర్లు ఎన్నో నాకు గుర్తు లేదు. నేను పాడుచేసిన కంప్యూటర్ మాత్రం బాగా గుర్తుంది. అది సిరిసిల్లలో ఉండేది. దాన్ని ఎవరు పాడుచేశారో కనిపెట్టమని కంపెనీ నన్నే పంపింది. నాలుగు నెలలు వెతికాను. దొరకలేదు. దొరకనందుకు ఇంకొకరి మీద నేరం మోపి, సంతకం పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చాను. ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలు నన్ను ఎక్కడైనా కలిస్తే, మీ రోజుల్లో జరిగిన గొప్ప కేసు ఏదైనా చెప్పండి సార్ అంటారు. నాకు గుర్తొచ్చేది ఇదే. ఇందులో గొప్పతనం నాది కాదని ముందే చెబుతున్నాను.

నేను మొదట టైపు మిషన్ల మెకానిక్‌ని. జగిత్యాల కోర్టు ముందు అర్జీలు రాసేవాళ్ల మిషన్లకు రిబ్బన్లు మార్చి, అక్షరాల మధ్య పేరుకున్న మట్టి తీసి బతికాను. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక మా కంపెనీవాళ్లు మమ్మల్ని హైదరాబాద్ తీసుకెళ్లి, పదిహేను రోజులు పాఠం చెప్పి, ఇంజనీర్లను చేసి పంపారు. స్క్రూడ్రైవర్ అదే, బ్యాగు అదే, నూనె డబ్బా మాత్రం ఇంట్లో వదిలేసి రమ్మన్నారు. జనం "ఇంజనీర్ సార్" అని కుర్చీ వేస్తుంటే మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత్తర్వాత కుర్చీ వేయనివాళ్ల మీద కోపం వచ్చేది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వాటి చుట్టూ ఉన్న మండలాలు నా కింద ఉండేవి. నా కింద అంటే, బస్సుల్లో తిరగాల్సింది నేనే అని అర్థం.

కోరుట్ల ఊళ్లోని పనులు చూసుకోవడానికి మాత్రం మా కంపెనీ తరఫున అక్కడే ఒక భాయ్ ఉండేవాడు. నా వయసువాడే, పాత రేడియో మెకానిక్. కంప్యూటర్‌కు ఏ పరికరం కొన్నా దాని పెట్టెలో ఒక సీడీ వచ్చేది. ఆ సీడీలో డ్రైవర్ ఉండేది. డ్రైవర్ అంటే చిన్న ప్రోగ్రాం. పరికరం మాట కంప్యూటర్‌కు, కంప్యూటర్ మాట పరికరానికి చెప్పే దుబాసి అనుకోండి. దుబాసి తప్పు భాషవాడైతే కాసేపు ఎలాగో నెట్టుకొచ్చి, ఒక మాట దగ్గర నోరు మూసుకుంటాడు. అప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోవాల్సిందే. భాయ్ ప్రతి సీడీ మీద పరికరం పేరు, నంబరు రాసి బిస్కెట్ల రేకు డబ్బాలో దాచుకునేవాడు. స్కూటర్ డిక్కీలో ఆ డబ్బా ఎప్పుడూ ఉండేది. నేను మాత్రం తెలివైనవాణ్ణి కాబట్టి, దొరికిన డ్రైవర్లన్నీ ఒకే సీడీలోకి ఎక్కించుకుని దాని మీద నల్ల పెన్నుతో "అన్నీ ఇందులోనే" అని రాసుకున్నాను. ఎక్కడికి వెళ్లినా ఆ ఒక్క సీడీ. పెట్టెలో వచ్చిన సీడీని ఇది మీకు అవసరం లేదులెండి అని పక్కన పడేసేవాణ్ణి.

"గా డబ్బా ఎందుకు మోస్తవ్ భాయ్, ముసలమ్మ ఆకువక్కల సంచి లెక్క?" అని ఆటపట్టించేవాణ్ణి.

"ఉండని భయ్యా," అనేవాడు. "ఎవని తాళంచెవి వానికే ఉండాలె."

ఇక సిరిసిల్ల సంగతి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది అది. అక్కడ ఒకావిడ తన ఇంటి ముందు గదికి షట్టర్ పెట్టించి, దరఖాస్తులు నింపే సెంటర్ తెరిచింది. ముప్పై ఏళ్లుంటాయి. భర్త పవర్‌లూమ్ షెడ్డులో మగ్గాలు నడిపేవాడు. అత్త బీడీలు చేసేది. ఆమె కూడా పెళ్లయిన నాటి నుంచి చాట ముందు కూర్చుని బీడీలు చుట్టింది. చుడుతూనే ప్రైవేటుగా డిగ్రీ కట్టి పాసై, కంప్యూటర్ నేర్చుకుని, ఒక పెద్ద కంపెనీ ఊరూరా ఇచ్చే సెంటర్లలో సిరిసిల్ల సెంటర్ సంపాదించింది. ఆ కంప్యూటర్ బిగించింది నేనే. ఫోను తీగ నెట్ పక్కనున్న మందుల దుకాణం నుంచి వచ్చేది. అది ఎప్పుడైనా పోతే పనికొస్తుందని, కంప్యూటర్‌కు గుచ్చితే తీగ లేకుండానే నెట్ ఇచ్చే పుల్లలాంటి డేటా కార్డు కూడా ఒకటి కొనుక్కుంది. దానికి డ్రైవర్ ఎక్కించింది కూడా నేనే. ఏ సీడీతోనో మీకు చెప్పక్కర్లేదు.

నెల తిరగకుండానే ఫిర్యాదు వచ్చింది. కంప్యూటర్ నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోతోంది. తెర మీద బాణం గుర్తు ఉన్నచోటే ఉంటుంది, ఏం నొక్కినా కదలదు. స్విచ్ తీసి మళ్లీ వేస్తే పావుగంటో అరగంటో నడిచి మళ్లీ అంతే. సగం నింపిన ఫారాలు పోతున్నాయి, వచ్చినవాళ్లు తిట్టుకుంటూ వెళ్తున్నారు.

వెళ్లాను. నేను కూర్చున్నంతసేపూ కంప్యూటర్ బుద్ధిగా నడిచింది. గంటసేపు పేకాట ఆడాను, అంటే కంప్యూటర్‌లో ఉండే పేకాట. మూడు ఆటలు గెలిచాను. ఒక్కసారి ఆగితే ఒట్టు. అయినా ఉత్త చేతులతో తిరిగి వెళ్లడం ఇంజనీర్‌కు బాగుండదు కాబట్టి పెట్టె విప్పి, మెమరీ కార్డు పీకి, దాని ఇత్తడి పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. అది మా అందరికీ తెలిసిన మొదటి వైద్యం.

రెండోసారి వెళ్లి, మగ్గాల దూది దుమ్ము లోపల పేరుకుందని చెప్పి ఊది వచ్చాను. మూడోసారి లోపలి పవర్ సప్లై మార్చాను. నాలుగోసారి మొత్తం చెరిపేసి, కొత్తగా అన్నీ ఎక్కించాను. అంటే దొంగను ఇంట్లోంచి వెళ్లగొట్టి, మళ్లీ నేనే తలుపు తీసి లోపలికి పిలిచాను. వెళ్లిన ప్రతిసారీ నా ముందు కంప్యూటర్ ఆగలేదు. నేను జగిత్యాల చేరిన మూడు నాలుగు రోజులకు ఫోన్ వచ్చేది.

ఆమె మొదటిరోజే నాకు ఒక మాట చెప్పింది.

"సార్, మామూలు దినాలల్ల మంచిగనే నడుస్తాంది. బంద్ నాడే ఆగుతాంది."

నేను నవ్వాను. "బంద్ సంగతి కంప్యూటర్‌కు ఎట్ల తెలుస్తదమ్మా? పేపర్ సదువుతదా?"

ఆమె నవ్వలేదు. "నాకేం ఎరుక సార్. నేను జూసింది చెప్తాన."

ఆ రోజుల్లో బంద్ లేని వారం ఉండేది కాదు. బంద్ అంటే షట్టర్‌కు బంద్, వెనక తలుపుకు కాదు. దుకాణాలన్నీ ముందు షట్టర్ నేల దాకా దించేసేవి. అవసరం ఉన్నవాళ్లు సందులోంచి వచ్చి వెనక తలుపు కొట్టేవాళ్లు. పొద్దున షట్టర్లు మూయించినవాళ్లే మధ్యాహ్నం వెనక తలుపు నుంచి వచ్చి తమ పిల్లల దరఖాస్తులు నింపించుకునేవాళ్లు. అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

కానీ నాకు వేరే ఒకటి కనిపించాల్సింది. బంద్ రోజున బస్సులు నడవవు. బస్సు లేకపోతే నేను సిరిసిల్ల వెళ్లను. కాబట్టి ఆమె చెప్పిన జబ్బు ఏ రోజు వస్తుందో, సరిగ్గా ఆ రోజు తప్ప మిగిలిన అన్ని రోజుల్లో నేను రోగిని చూశాను. ఇది ఇప్పుడు మీకు రెండు వాక్యాల్లో అర్థమైంది. నాకు నాలుగు నెలలు పట్టింది.

బంద్ రోజుల్లో నేనేం చేసేవాణ్ణంటారా? జగిత్యాలలో దీక్షా శిబిరంలో కూర్చునేవాణ్ణి. మెడలో దండ వేయించుకునేవాణ్ణి. ఒకరోజు మైకు కూడా ఇచ్చారు. పైనున్నవాళ్లు మన మాట వినరని, మనం ఏళ్ల తరబడి చెబుతున్నది చెవిన పెట్టరని, మన బాధ మనకంటే తమకే ఎక్కువ తెలుసనుకుంటారని, అందుకే బంద్ నాడు ఒక్కరు కూడా డ్యూటీకి పోవద్దని గట్టిగా మాట్లాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ చప్పట్ల మధ్యే జేబులో ఫోన్ మోగింది. సిరిసిల్ల నుంచి. మళ్లీ ఆగిందట. "ఆర్పి ముట్టియ్యమ్మా" అని పెట్టేసి, మళ్లీ మైకు అందుకున్నాను.

ఐదోసారి వెళ్లినప్పుడు నాకు విసుగొచ్చింది. ఒకసారి ఆమెను కూర్చోబెట్టి, ఏమేం నొక్కుతావో చూపించు అన్నాను. ఆమె చూపించింది. అన్నీ సరిగ్గానే నొక్కింది. అయినా సర్వీసు రిపోర్టు తీసి రాశాను: "యంత్రంలో లోపం లేదు. వాడకంలో పొరపాటు." మా రిపోర్టుకు కింద కార్బన్ కాగితాలుండేవి. ఒక కాపీ ఆమెకు, ఒకటి మా ఆఫీసుకు, ఒకటి ఆమెకు సెంటర్ ఇచ్చిన పెద్ద కంపెనీకి. ఆమె తన కాపీ చదువుకుంది. ఏదో అనబోయి ఆగిపోయింది. లోపలి గది నుంచి బీడీలు చుడుతున్న అత్త మాత్రం ఆగలేదు.

"నేను ముందుగాల్నే చెప్పిన. గా డబ్బ మనకు అచ్చిరాదు పిల్లా. రేపటి సంది మల్ల చాట ముందట కూసో."

మూడో కాపీ చేయాల్సిన పని చేసింది. పెద్ద కంపెనీ నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. నిర్వాహకురాలికి యంత్రం నడపడం రావడం లేదని సర్వీసు ఇంజనీరు రాశాడు కాబట్టి, ఇకపై ఒక్క ఫిర్యాదు వచ్చినా సెంటర్‌ను వేరేవాళ్లకు ఇస్తామని అందులో ఉంది. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. ఆమె చెప్పలేదు. చెబితే మాత్రం నేను వినేవాణ్ణా?

ఆ తర్వాత వారం పది రోజులకు కోరుట్లలో ఒక బ్యాంకు ప్రింటర్ల పని మీద వెళ్లాను. సాయంత్రానికల్లా మర్నాడు బంద్ అన్నారు, బస్సులు ఆగిపోయాయి. భాయ్ ఇంట్లోనే పడుకున్నాను. పొద్దున ఇద్దరం చాయ్ తాగుతుంటే సిరిసిల్ల నుంచి ఫోన్.

"సార్, ఇయ్యాల నర్సింగు దరఖాస్తులకు ఆఖరు తారీకు. పదకొండు మంది ఆడివిల్లలు అచ్చి కూసున్నరు. పొద్దటి సంది రెండుసార్లు ఆగింది." తర్వాత ఉత్తరం సంగతి చెప్పింది. "గీ పిల్లలయి గాకపోతే వీళ్లు ఊకోరు సార్, ఫిర్యాదు చేస్తరు. చెయ్యాలె గూడ. ఇగ నా సెంటర్ పోతది."

"బంద్ కదమ్మా. బస్సుల్లేవు. ఎల్లుండి వస్త," అన్నాను.

"ఎల్లుండి మంచిగనే నడుస్తది సార్," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

భాయ్ సాసర్ కింద పెట్టి, ఏమంటోందని అడిగాడు. చెప్పాను. బంద్ నాడే ఆగుతుందంటోంది, పిచ్చి మాట అని కూడా చెప్పాను. ఆయన నా వైపు చూశాడు.

"భయ్యా, వాన పడ్డ నాడే గరగరమంటదని ఒకడు రేడియో తెచ్చిండనుకో. నువ్వు ఏం జేస్తవ్?"

"వాన నాడు చూస్త."

"మరి?"

అంతే అన్నాడు. లేచి చొక్కా వేసుకుని స్కూటర్ బయటికి తీశాడు. నేను వెనక ఎక్కాను. ఆ 'మరి' నా చెవిలో కథలాపూర్ దాటేదాకా మోగుతూనే ఉంది.

రుద్రంగి దగ్గర రోడ్డు మీదే వంటావార్పు. నడిరోడ్డు మీద మూడు పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. బండ్లు అటువి అటే, ఇటువి ఇటే. ఒకాయన వచ్చి స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఎటు పోతున్నరు?"

"సిరిసిల్లకు. కంప్యూటర్ బాగు చెయ్య," అన్నాను.

ఆయన నా మొహంలోకి వంగి చూశాడు. "నువ్వు మొన్న జగిత్యాల శిబిరంల మైకు పట్టుకున్నోనివి గాదా?"

అవునన్నాను. కాదనడానికి వీల్లేకుండా చూస్తున్నాడు.

"పని బంద్ పెట్టాలె, ఒక్కడు గూడ డ్యూటీకి పోవద్దని మాకు చెప్పినోనివి నువ్వే. నువ్వే పోతున్నవా?"

చుట్టూ నలుగురు చేరారు. నా జీవితంలో నా ఉపన్యాసం అంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్న మనిషి ఆయనొక్కడే. నేను భాయ్ వైపు తిరిగాను. భాయ్ చెప్పాడు. పదకొండు మంది ఆడపిల్లలు, ఈరోజే ఆఖరు, యంత్రం బంద్ నాడే ఆగుతుంది కాబట్టి బంద్ నాడే పోవాలి. రెండు ముక్కల్లో చెప్పాడు. నేను నాలుగు నెలలుగా ఒప్పుకోని మాటను ఆ రోడ్డు మీదివాళ్లు ఒక్కరు కూడా వింతగా అనుకోలేదు.

"అట్లయితె పోవాల్సిందే," అన్నాడు హ్యాండిల్ పట్టుకున్నాయన. "తిని పోండ్రి."

తినకుండా వదల్లేదు. విస్తరాకులో అన్నం, పప్పు. గబగబా నోరు కాల్చుకుంటూ తిని బయల్దేరాం.

మేం సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. మగ్గాల చప్పుడు లేని సిరిసిల్లను నేను ఎరగను. ఆ రోజు మా స్కూటర్ చప్పుడు మాకే పెద్దగా వినిపించింది. సందులోంచి వెళ్లి వెనక తలుపు కొట్టాం. అత్త తీసింది. నన్ను చూసి చాట పక్కకు జరిపి దారిచ్చింది.

షట్టర్ నేల దాకా దించి ఉంది. ట్యూబులైటు వెలుగులో చాప మీద పదకొండు మంది అమ్మాయిలు సర్టిఫికెట్ల కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కోనరావుపేట వైపు నుంచి, ఎల్లారెడ్డిపేట వైపు నుంచి వచ్చినవాళ్లు. కొందరు ముందురోజు ఆఖరు బస్సుకు వచ్చి చుట్టాల ఇళ్లలో పడుకున్నారు. కొందరు సగం దూరం ఎవరి బండో ఎక్కి, సగం నడిచారు. అందరూ కూలి చేసుకునేవాళ్ల పిల్లలే. మళ్లీ ఏడాది దాకా ఆగమంటే ఇంట్లో ఆగనిచ్చేవాళ్లు కాదు.

నేనేం చేశానో చెబితే మీరు నమ్మరు. పెట్టె విప్పి, మెమరీ కార్డు తీసి, రబ్బరుతో రుద్దాను. ఒకమ్మాయి దగ్గరికొచ్చి చూసి, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"సార్, రబ్బర్ తోని తుడిస్తే అప్లికేషన్ పోతదా?"

భాయ్ దగ్గాడు. నేను పెట్టె మూశాను. ఆమె మొదటి ఫారం నింపడం మొదలుపెట్టింది. పేరు, తండ్రి పేరు, మార్కులు. సరిగ్గా పదిహేడు నిమిషాలకు బాణం గుర్తు ఉన్నచోటే నిలిచిపోయింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి నా కళ్ల ముందు జరిగింది. అలవాటుగా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"ఏం నొక్కినవమ్మా?"

ఆమె నా వైపు తిరిగింది.

"ఏం నొక్కలే సార్. నా చేతులు ఈడున్నయి."

రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి. పక్కనున్న అమ్మాయి మార్కుల మెమో చూపిస్తుంటే చదువుతోంది. కీబోర్డు మీద ఎవరి వేలూ లేదు. నా రిపోర్టులో రాసిన పొరపాటు ఎక్కడుందా అని నేను ఆ చేతుల వైపే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నాకు సిగ్గేసింది.

ఆమె లేచి, టేబులు సొరుగులోంచి సుద్దముక్క తీసి, షట్టర్ లోపలి వైపు ఒక గీత గీసింది. అప్పుడు చూశాను. షట్టర్ రేకుల మీద వరసగా సుద్దగీతలున్నాయి. ఒక్కో వరసకు ఒక్కో తారీకు. ఒక తారీకు కింద నాలుగు, ఒకదాని కింద మూడు, ఇంకోదాని కింద ఆరు.

"ఇదేందమ్మా?" అన్నాను.

"మా బాపు మగ్గం నడిపిచ్చేటోడు సార్. మగ్గం ఆగినప్పుడల్ల పక్కన సుద్దతోని గీత పెట్టేటోడు. గీతలు ఎడాపెడా పడితే మగ్గంది తప్పు, అన్ని ఒక్కకాడ పడితే నూలుది తప్పు అని చెప్పేటోడు. గీ గీతలన్ని బంద్ నాడే పడ్డయి. మామూలు దినం ఆగితే రాత్రి షట్టర్ దించినంక గీద్దామనుకున్న, ఒక్కటి గూడ పడలే. అందుకే కంప్యూటర్‌ది గాదు, ఇంకేందో ఉందనుకున్న."

"మరి నాకెన్నడు చూపకపోతివి?"

"మీరు అచ్చిన నాడు షట్టర్ పైన ఉంటది గద సార్."

నాలుగు నెలలు నా నెత్తి మీదే ఉన్నాయి ఆ గీతలు. చుట్టచుట్టుకుని, సరిగ్గా నేను పేకాట ఆడిన కుర్చీకి ఎదురుగా, పైన. ఆమె మొదటిరోజే చెప్పిన మాటకు సాక్ష్యం అది. చూపించమని నేను ఒక్కసారైనా అడిగి ఉంటే షట్టర్ దించి చూపించేదే.

భాయ్ ముందుకొచ్చాడు. ఆయన అడిగిన ప్రశ్న చిన్నది. నేను అడగనిది.

"అమ్మా, మామూలు దినంల చెయ్యనిది, బంద్ నాడు నువ్వు ఏమేం చేస్తవ్? జర మెల్లగ చెప్పు."

ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. "షట్టర్ ఏస్త. నెట్ వైరు మందుల దుకాణం కెల్లి షట్టర్ కిందికెల్లి లోపటికస్తది. ఏస్తే తెగుతదని ముందే పీకుత. లైటేస్త. ఇగ నెట్ కోసం గీ డేటా కార్డు పెడ్త..."

అక్కడ ఆగింది. మేం ముగ్గురం ఒకేసారి ఆ పుల్ల వైపు చూశాం.

కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసి, భాయ్ డ్రైవర్ల జాబితా తెరిచాడు. ఆ డేటా కార్డుకు ఎక్కించిన డ్రైవర్, ఆ డేటా కార్డు తయారవకముందే తయారైంది. అదే కంపెనీ, చూడ్డానికి అదే రూపం, కానీ పాత నంబరుది. పదిహేను ఇరవై నిమిషాలు ఎలాగో నెట్టుకొచ్చి ఒకచోట బిగుసుకుపోతోంది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని భాయ్ ఇంకో విండో తెరిచాడు. డ్రైవర్ ఉన్న ఫోల్డరు పేరు తెర మీద కనిపించింది. నా ఇంటిపేరు. ఎవరూ దొంగిలించకూడదని నా సీడీలో ప్రతి ఫోల్డరుకూ నేనే పెట్టుకున్న పేరు.

భాయ్ వెనక తలుపులోంచి వెళ్లి, డిక్కీలోంచి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. నేను ముసలమ్మ సంచి అన్న డబ్బా. అందులో వేళ్లతో వెతికి, అదే నంబరు రాసి ఉన్న సీడీ తీశాడు. కోరుట్ల సెంటర్లకు ఇచ్చిన డేటా కార్డులు కూడా అవేనట. అక్కడ ఒక్కటీ ఆగలేదు.

పాతది తీసేసి కొత్తది ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. తర్వాత ఆమె మళ్లీ మొదటి ఫారం మొదలుపెట్టింది. నేనూ భాయ్ గోడకానుకుని నిలబడ్డాం. పదిహేడు నిమిషాలు దాటాయి. అరగంట దాటింది. లోపలి గదిలో బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు ఆగిపోయింది. అత్త గుమ్మం దాకా వచ్చి నిలబడి చూస్తోంది. మూడో ఫారం, నాలుగో ఫారం. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మాట్లాడితే మళ్లీ ఆగుతుందేమో అని పెద్ద ఇంజనీరైన నాకు కూడా అనిపించింది. ఎండ వాలేసరికి పదకొండో అమ్మాయి రసీదు కాగితం ప్రింటర్‌లోంచి బయటికి వచ్చింది. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో అందుకుని, ఇంకా వెచ్చగా ఉందని పక్కపిల్లకు చూపించింది.

అందరూ వెళ్లాక సర్వీసు రిపోర్టు తీశాను. రాశాను: "డ్రైవర్ సమస్య. సరిచేయబడింది." చాలా అందంగా ఉంది. ఎవరు చేశారో లేదు, ఎవరికి జరిగిందో లేదు. మేం ఇలాంటి వాక్యాలు రాయడంలో ఆరితేరినవాళ్లం. ఆమె తన కాపీ తీసుకుని చదివింది. ఈసారి ఆగిపోలేదు.

"ఎవలు ఏసిన డ్రైవర్ సార్?"

కోపంగా అడగలేదు. సమస్య ఏదో తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నేను ఆ కాగితం చింపేసి ఇంకోటి తీశాను. "గతంలో వాడకంలో పొరపాటు అని రాసింది తప్పు. నిర్వాహకురాలు మొదటిరోజే సరిగ్గా చెప్పింది, నేను వినలేదు. తప్పు డ్రైవర్ వేసింది నేనే." మూడు కాపీల మీదా పడేలా గట్టిగా నొక్కి రాసి, సంతకం పెట్టాను. భాయ్ తొంగిచూసి, నా భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి తీశాడు.

"గీతలు తుడుస్తనమ్మా?" అని అడిగాను. ఏదో ఒక పని చేయాలనిపించింది.

"ఉండనియ్యి సార్," అంది. "ఇంకెవలన్న ఇంజనీర్ అస్తే ముందుగాల షట్టర్ దించి కూసోబెడ్త."

అత్త లోపలి నుంచి నవ్వింది. ఆవిడ నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. అప్పుడు చాయ్ వచ్చింది.

మూడో కాపీ ఈసారి కూడా చేయాల్సిన పని చేసింది. సెంటర్ ఆమెకే ఉంది. రెండో కాపీ చదివి మా మేనేజరు ఫోన్ చేసి, ఇట్లాంటివి కూడా రాసిస్తారా ఎవరైనా అని పావుగంట తిట్టాడు. ఆ ఏడాది నాకు రావాల్సిన ప్రమోషన్ కోరుట్ల భాయ్‌కి వచ్చింది. ఆయన ప్రమోషన్‌కు మిఠాయి పంచి, నాకు ఇంకో బిస్కెట్ల డబ్బా కొనిచ్చాడు. రిటైరయ్యే దాకా దాన్నే మోశాను. శిబిరంలో మళ్లీ మైకు ఇచ్చినప్పుడు మాత్రం తీసుకోలేదు. గొంతు బాగాలేదని చెప్పాను.

రాష్ట్రం వచ్చింది. నేను రిటైరయ్యాను. మా బిడ్డను సిరిసిల్లలోనే ఇచ్చాం. మొన్నొకసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు, పింఛనుకు బతికే ఉన్నానని వేలిముద్ర వేయాల్సిన గడువు దగ్గరపడింది. ఎక్కడ వేయాలని అడిగితే మా అల్లుడు ఆమె సెంటర్‌కే తీసుకెళ్లాడు. ఇప్పుడు అక్కడ నాలుగు కంప్యూటర్లు, ఇద్దరు పనిచేసే అమ్మాయిలు. ఆమె జుట్టు కొంచెం నెరిసింది. నన్ను గుర్తుపట్టి, లేచి కుర్చీ వేసింది. షట్టర్ పైకి చుట్టి ఉంది. లోపల ఏముందో నేను అడగలేదు.

వేలిముద్రల యంత్రం మీద బొటనవేలు పెట్టాను. పడలేదు. మళ్లీ పెట్టాను. పడలేదు. చూపుడు వేలు, అదీ పడలేదు. వెనక ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. టైపు మిషన్లు విప్పీ, టంకం వేడికి కాలీ, ముప్పై ఏళ్లకు నా వేళ్లు నున్నగా అరిగిపోయాయి. పనిచేసే అమ్మాయి నా వేలు పట్టుకుని తిప్పి చూసి, "ముద్రలే లెవ్వు తాతా నీకు," అంది. అవును బిడ్డా, నా ఏలుదే తప్పు, అని చెయ్యి వెనక్కి తీసుకోబోయాను.

"జర ఆగు పిల్లా," అంది ఆమె. తన కుర్చీ వదిలి వచ్చి నా పక్కన నిలబడింది. ఆ యంత్రాన్ని కాదు, ముందు నన్నే అడిగింది.

"సార్, పోయిన ఏడు ఏసినప్పుడు పడిందా?"

"పడ్డదమ్మా. జగిత్యాలల. మొదటిసారికే."

ఆమె తల ఊపి, కంప్యూటర్ ముందు కూర్చుంది.

"అయితె మీ ఏలుది గాదు సార్. నిన్న రాత్రే మిషన్ మార్చినం, దానికి మీదే మొదటి ఏలు. డ్రైవర్ పాతదే ఉన్నట్టుంది. కూసోండ్రి, ఇప్పుడే మారుస్త."